సుద్దగీతల్లో పిన్ని సీటు

మా పిన్ని ముప్పై ఏళ్లు గోడవైపు తిరిగి బట్టలు కుట్టింది. ఆమె పనిచేసిన దర్జీ కొట్టులో మిషన్లన్నీ గోడకు ఆనించి ఉండేవి. ఉన్న ఒక్క కిటికీ యజమాని బల్ల దగ్గర. ఆ ముప్పై ఏళ్లూ మా బాబాయి ఎనిమిదో నంబరు బస్సు నడిపాడు. డిపో నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి డిపోకి. ఆ కిలోమీటర్లన్నీ కలిపితే చంద్రుడి దాకా పోయి, అక్కడ టీ తాగి తిరిగి రావచ్చని నేను లెక్క కట్టాను. లెక్కల్లో తప్పి చదువు మానేసినవాణ్ణి కాబట్టి టీ దగ్గర కాస్త అటూ ఇటూ కావచ్చు.

ఇద్దరూ పని మానుకున్నాక బాబాయి ఒక పాత అంబులెన్సు కొన్నాడు. "ఇందులోనే వండుకుంటాం, ఇందులోనే పడుకుంటాం. ఎవరి గుమ్మమూ తొక్కకుండా తిరుగుతాం" అన్నాడు. దాన్ని వీధిలో ఆపిన మొదటి రోజే ముగ్గురు పరామర్శకు వచ్చారు.

పిన్నికి ఒకటే కోరిక. ఎడారి అంచున పోయే రోడ్డు మీద, ఏ గోడా కంటికి అడ్డురాని చోట, కదిలే బండిలో కూర్చుని చూడాలి. ఆమె కుడి మోకాలు వంగదు, ముందు సీటు ఎక్కలేదు. అందుకని పక్క తలుపు దగ్గర బయటికి తిరిగే సీటు, దాని కింద మడిచే మెట్టు, ఎదురుగా పెద్ద కిటికీ అనుకున్నారు. అదుంటేనే ఆమె ప్రయాణం, లేకపోతే లేదు.

బండిని మార్చే పని ఒప్పుకున్న వెల్డింగ్ మేస్త్రిది ఒక పద్ధతి. బండి మీద చెయ్యి వేసే ముందు షెడ్డు నేల మీద దాని లోపలి కొలతంతా సుద్దతో గీస్తాడు. మంచానికో గడి, పొయ్యికో గడి, బ్యాటరీకో గడి.

"రెండ్రోజులు ఇందులో కాపురం చెయ్యండమ్మా. మోచెయ్యి ఎక్కడ తగులుద్దో తెలుస్తుంది. సుద్దయితే చెరుపుతా, ఇనుమయితే ఏడుస్తా" అన్నాడు.

పిన్ని తన గడిలో స్టూలు వేసుకుని కూరగాయలు తరిగేది. బాబాయి డ్రైవరు గడిలో కూర్చుని నోటితో హారను కొట్టేవాడు. "లోపలికి జరగాలమ్మా, ఫుట్‌బోర్డు మీద నిలబడకూడదు!" అని అరిచేవాడు. పిన్ని అతని మీదికి తొక్కలు విసిరేది.

అంతా బాగానే సాగుతుంటే నేను దిగాను. "మావాడు లారీ మీద ఎడారి దాటొచ్చాడు" అని బాబాయి మేస్త్రికి చెప్పాడు. మేస్త్రి నాకూ ఒక స్టూలు వేశాడు. కూర్చోబెడితే ఇక నా నోరు ఆగుతుందా?

"ఇరుసు దాకా ఇసుకలో దిగబడ్డాం మేస్త్రీ. పదకొండు రోజులు చుక్క నీళ్లు లేవు. రేడియేటరు నీళ్లు వంతులేసుకుని తాగాం. పన్నెండో రోజు ఒంటె వచ్చింది. దాని తోకకి తాడు కట్టి…"

"తోకకా?"

"మెడకి కడితే ఊపిరాడదు కదా!"

బాబాయి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నవ్వి, నా కథలో ఉన్నవన్నీ బండిలో పెట్టించాడు. ఇసుకలోంచి లాగడానికి ముందువైపు ఇనుప తాడు చుట్టిన వించి. పైన రెండు అదనపు టైర్లు. రెండు వందల లీటర్ల నీళ్ల ట్యాంకు. అక్కడ మేస్త్రి సుద్దముక్క ఆగింది.

"నీళ్లంటే బరువు సారూ. రెండు ఇరుసుల మధ్యే పెట్టాలి. వెనక పెడితే బండి మూతి లేస్తుంది. మధ్యలో ఉన్న చోటు అమ్మ సీటుది. బండి మోసేది ఏడొందల కిలోలు, రెండూ పెడితే అది దాటిపోతాం. సీటా, ట్యాంకా? తేల్చుకోండి."

బాబాయి నావైపు తిరిగాడు. "ఒరేయ్, చూసొచ్చినవాడివి నువ్వు. అన్ని నీళ్లు నిజంగా కావాలా?"

"ఎడారితో ఆటలా బాబాయ్? కావాలి" అన్నాను.

పిన్ని లేచి గుడ్డ తడిపింది. వంగలేదు కదా, గుడ్డను నేల మీద వేసి మంచి కాలితో అటూ ఇటూ తోస్తూ తన గడిని తనే తుడిచేసింది. "దాహమేస్తే సీటు తాగుతామా? మీరు వెళ్లిరండి, నాకు ఫొటోలు పంపండి" అంది బాబాయితో. తర్వాత నా తల మీద చెయ్యి వేసింది. "ముందే చెప్పి మంచిపని చేశావు నాయనా. లేకపోతే ఈయన ఏమైపోయేవాడో!"

నేను లారీ మీద క్లీనరుగా చేసింది పంతొమ్మిది రోజులు. అందులో పద్నాలుగు రోజులు ఆ లారీ గ్యారేజీలోనే ఉంది. ఎడారిని డ్రైవర్ల నోట విన్నాను. ఒంటెను జూలో చూశాను, అది కూడా నిద్రపోతుంటే. పిన్ని చెయ్యి నా తల మీద ఉన్నంతసేపూ నేల చీలితే బాగుండుననిపించింది. అయినా నోరు విప్పలేదు. చిన్నప్పటినుంచీ మూయడం చేతకాని నోరు అది.

రెండు రోజులు అటువైపు పోలేదు. మూడో రోజు పొద్దున్నే వెళ్లేసరికి మేస్త్రి ట్యాంకు రేకు కోస్తున్నాడు. బాబాయి డ్రైవరు గడిలో ఒక్కడే కూర్చున్నాడు. ఏదో చెప్పబోయి వెనక్కి తల తిప్పాడు. ట్యాంకు గడి కనబడింది. మళ్లీ ముందుకు తిరిగాడు.

అప్పుడైనా నిజం చెప్పానా? అబద్ధానికే అతుకు వెయ్యబోయాను.

"బాబాయ్, ఇప్పుడే గుర్తొచ్చింది. అక్కడ ఒక బావి ఉంది."

"పదకొండు రోజులు చుక్క లేదన్నావుగా! బావెప్పుడు తవ్వారు?"

"అదే, ఆ ఒంటె…"

"ఒంటె తవ్విందా?" మేస్త్రి పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"ఒంటె లేదు బాబాయ్. ఎడారీ లేదు. నేనసలు వెళ్లలేదు."

మేస్త్రి మిషను ఆపేశాడు. దెబ్బ పడుతుందనుకున్నాను. పడి ఉంటే హాయిగా ఉండేది.

"డిపోలో అందరికీ చెప్పానురా" అన్నాడు బాబాయి మెల్లగా. "చదువు అబ్బకపోతేనేం, మావాడు లోకం చూశాడని." ట్యాంకు గడి వైపు చెయ్యి చూపించాడు. "పోయింది నా సీటు కాదు. వెళ్లి మీ పిన్నితో నువ్వే చెప్పు."

పిన్ని ఇంట్లో ట్యాంకుకు తొడుగు కుడుతోంది, తన సీటుకని తెచ్చుకున్న నీలం మందపాటి గుడ్డతోనే. గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పాను, పంతొమ్మిది రోజులూ, గ్యారేజీ, జూ, అన్నీ. కుట్టు చివరిదాకా వచ్చాకే మిషను ఆగింది.

"అబద్ధం ఎందుకు చెప్పావని అడగను. అది నీకు అలవాటు, మాకు సరదా" అంది. "నేను కాలితో తుడుస్తుంటే చూస్తూ ఎలా నిలబడ్డావురా?"

 ఆమె తొడుగును ఒళ్లో వేసుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం మేస్త్రి ఎడారి వైపు తిరిగే ఒక డ్రైవరుకు ఫోన్ చేశాడు. దారి పొడుగునా బంకులున్నాయనీ, రెండు క్యాన్ల నీళ్లు చాలనీ అతను చెప్పాడట. మేస్త్రి సుద్ద తీసి పిన్ని గడి మళ్లీ గీశాడు. కానీ సీటు చోటు ఈసారి అసలు బండిలోనే కొలవాలని పిన్ని పట్టుబట్టింది. టేపు ఒక కొస తను తలుపు దగ్గర పట్టుకుని, రెండో కొస అవతలి గోడ దగ్గరున్న నాకు విసిరింది.

"పట్టుకో. ఎంత?"

"యాభై తొమ్మిదిన్నర అంగుళాలు."

ఆమె తన కొసను మేస్త్రి చేతికిచ్చింది. తలుపు పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ నా దగ్గరికి వచ్చి, కళ్లద్దాలు సర్దుకుని, నా వేలి కిందున్న అంకె చూసింది. వేలు కొంచెం పక్కకు జరిపి మళ్లీ చూసింది.

"యాభై తొమ్మిదిన్నర" అని మేస్త్రితో చెప్పింది. "రాసుకో."