ఒక్క ఊపిరిలో ఒక వరుస

మా ఇంట్లో జంపఖానా నేసేది ఇద్దరు, నేయించేది ఒకరు. మగ్గం గుంటలోకి కాళ్లు దించుకుని బాపు, అమ్మ పక్కపక్కన కూర్చునేవారు. నేయించేది మా అన్న. చిన్నప్పుడే కండరాలు సన్నబడిపోయే జబ్బు పట్టుకుని, హైస్కూలు దాటేసరికి చక్రాల కుర్చీకి వచ్చాడు. చేతులు ఆడకపోతేనేం, నోరు ఆడుతుంది కదా అని, డిజైన్ కాగితం గోడకు అంటింపించుకుని రంగులు చదివేవాడు.

"ఎరుపు ఎనిమిది, నలుపు రెండు, పసుపు నాలుగు, మళ్ల నలుపు రెండు, ఎరుపు ఎనిమిది!"

వరుస మొత్తం ఒక్క ఊపిరిలో. ఆ గొంతు మా గల్లీ చివరిదాకా వినిపించేది. బాపు చేయి వెనకబడితే "ఏం బాపూ, నిద్రపోతానవా?" అని గద్దించేవాడు కూడా. ఇంట్లో బాపును అలా అనగలిగింది అన్న ఒక్కడే.

ఆ ఊపిరి ఎప్పుడు సగమైందో మాకు తెలియదు. "ఎరుపు ఎనిమిది, నలుపు రెండు" అని ఆగేవాడు. బాపు చేయీ ఆగేది, అమ్మ చేయీ ఆగేది. "పసుపు నాలుగు" అనగానే మళ్లీ కదిలేవి. ఇద్దరు ఒకే మగ్గం మీద కూర్చునే ఇళ్లలో పక్కవాళ్ల చేతికి మన చేయి సర్దుకోవడం ఎవరూ నేర్పక్కర్లేని పని. అన్న ఊపిరికి కూడా మేం అట్లాగే సర్దుకుపోయాం. జంపఖానా మగ్గం దిగడం ఆలస్యమైతే తప్పు ఎండ మీదికో నూలు మీదికో నెట్టేవాళ్లం. మా మంచి పనితనమే మా కొంప ముంచింది.

పొద్దున లేస్తూనే తలనొప్పి అనేవాడు. చాయ్ ఆలస్యమైందేమోనని అమ్మ పొయ్యి దగ్గరికి ఉరికేది. పగలు మాటల మధ్యలోనే కళ్లు మూతలు పడేవి. "దొరవారికి కునుకు పట్టింది" అని నేను ఆటపట్టించేదాన్ని. దగ్గు వచ్చేది కానీ గట్టిగా వచ్చేది కాదు. నూలు దుమ్ము మధ్య బతికే వాడలో దగ్గును ఎవరు పట్టించుకుంటారు? వెల్లకిలా పడుకుంటే ఊపిరాడటం లేదన్నాడు. మడతపెట్టిన జంపఖానాను వీపు వెనక పెట్టాం. అది చాలకపోతే దాని మీద ఇంకొకటి. చివరికి దాదాపు కూర్చునే నిద్రపోయేవాడు. ఎంత బాగా చూసుకుంటున్నామో అని మురిసిపోయాం కూడా. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కరోనా రోజుల్లో కొన్న వేలి మిషన్ ఒకటి ఇంట్లో ఉండేది. నాకు అనుమానం వచ్చినప్పుడల్లా అన్న వేలికి తగిలించేదాన్ని. అంకె బాగానే చూపించేది. "ఆక్సిజన్ మంచిగనే ఉన్నది, ఫికర్ చెయ్యకు" అనేదాన్ని. అన్న నవ్వబోయేవాడు. నవ్వడానికీ ఊపిరి చాలేది కాదు.

చలికాలంలో మామూలు జలుబు ఛాతీలోకి దిగింది. కఫం బయటకు దగ్గలేకపోయాడు. ఒక పొద్దున అమ్మ చాయ్ పట్టుకుని ఎంత పిలిచినా కళ్లు తెరవలేదు. ఆటోలో ఒళ్లో వేసుకుని హనుమకొండ దవాఖానకు తీసుకుపోయాం. గొంతులోకి గొట్టం వేసి ఊపిరి మిషన్‌కు తగిలించాక డాక్టరమ్మ మమ్మల్ని బయటికి పిలిచింది. తలనొప్పి గురించి, పగటి మగత గురించి, ఎలా పడుకుంటాడో ఒక్కొక్కటే అడిగింది. అన్నిటికీ మేం అవునవునన్నాం.

"ఊపిరి తీసుకునే కండరాలు అలిసిపోయినయమ్మా. చెడ్డగాలి బయటికి పోక లోపలనే పేరుకున్నది. వేలికి పెట్టే మిషన్‌కు అది కనపడది. ముందుగాలనే తీసుకొస్తే నిద్రపోయేటప్పుడు ముక్కుకు మాస్కు పెట్టే మిషన్ ఇస్తుంటిమి. బహుశా ఇంత దూరం రాకపోతుండె" అంది. తర్వాత బాపు వైపు తిరిగి, "మాట మధ్యల ఆగుడు ఎప్పటిసంది?" అని అడిగింది.

బాపు తన చేతుల వైపు చూసుకున్నాడు.

అన్న బతికాడు. గొంతుకు కోత పెట్టి అమర్చిన గొట్టంతో, పక్కనే మిషన్‌తో ఇంటికి వచ్చాడు. గొంతు మాత్రం రాలేదు. దీనికి మేం దేవుడికి దండం పెట్టాలో, మమ్మల్ని మేం తిట్టుకోవాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

కొన్నాళ్లకు కాగితం మళ్లీ గోడకు అంటించమని సైగ చేశాడు. పెదవులు కదిలిస్తాడు, నేను చూసి పైకి చదువుతాను, అదీ ఏర్పాటు. పెదవులు కదపడానికి ఊపిరి అక్కర్లేదు కదా, మొదటి వరుస ఎక్కడా ఆగకుండా చెప్పాడు. నేనూ ఒక్క ఊపిరిలో చదివేశాను. మగ్గం మీద బాపు చేయి తడబడింది.

"జర ఆగుకుంట చదువు బిడ్డా" అన్నాడు బాపు. "మీ అన్న ఆగుకుంటనే చదువుతుండె."

అన్న నా వైపు చూశాడు. ఈసారి పెదవులు చెప్పింది రంగులు కాదు. చదివి పైకి చెప్పాను.

"ముందుగాల నేను ఆగకపోతుంటి బాపూ, అంటాండు."

బాపు మగ్గం మీదికి వంగి, తడబడ్డ వరుసను విప్పసాగాడు.