అవేక్డ్ తప్పు కాదు

పదో తరగతి క్వార్టర్లీ పరీక్షలో ‘అవేక్’ అనే ఇంగ్లీషు క్రియకు భూతకాలం ‘అవేక్డ్’ అని రాశాను. మా మాస్టారు దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి, ‘అవోక్’ అనాలని క్లాసంతా నవ్వేలా చదివి వినిపించి, నన్ను బెంచీ ఎక్కించారు. ఆ ఒక్క మార్కుతో ఫస్టు ర్యాంకు పోయింది. ముప్ఫై ఎనిమిదేళ్లయింది. నేను మరిచిపోలేదు.

కిందటి నెల కాకినాడలో రామచంద్రపురం బస్సెక్కితే, పక్క సీట్లోని పెద్దావిడ, “ద్రాక్షారామం వస్తే లేపండి బాబూ. ముప్ఫయ్యేళ్లు ఇంగ్లీషు చెప్పి అలిసిపోయినదాన్ని” అంది.

ఇంగ్లీషు అన్నాక ఆవిణ్ణి ఎలా నిద్రపోనిస్తాను? నా కేసంతా చెప్పాను.

“అవేక్డ్ కూడా ఒప్పేనండి” అందావిడ ఆవులిస్తూ. “పూర్వం వాళ్లకి రెండు క్రియలుండేవి. ఒకదాని భూతకాలం అవోక్, రెండోదానిది అవేక్డ్. పోనుపోను రెండూ కలిసిపోయాయి. ఇప్పుడు లేవడానికీ, లేపడానికీ కూడా అదొక్కటే. మనమే నయం.”

“ఆ ముక్క రాసివ్వండి.”

“ఎవరికి చూపిస్తారు?”

“మా మాస్టారికి.”

“ఇంకా ఉన్నారా?”

“ఉన్నారండి. ఎనభై నాలుగు. ఆరోగ్యం ఎలా ఉందో నేనే కనుక్కుంటూ ఉంటాను.”

ఆవిడ బస్సు టిక్కెట్టు వెనక రాసి, సంతకం పెట్టి కళ్లు మూసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం మాస్టారింటికి వెళ్లాను. తలుపు తీసిన వారి భార్య గొంతు తగ్గించి, “ఇప్పుడే కునుకు పట్టిందండి. లేపమంటారా?” అంది.

“లేపండమ్మా” అన్నాను.