క్షేమంగా ఉన్నవారి పేర్లు

"ప్రతి ఉత్తరం చివరా ఇంట్లోవాళ్ల పేర్లు ఉండేవి. అవెక్కడ?" అని ఆ పెద్దావిడ అడిగారు. నేను టైపు చేసిన కాగితాల కట్ట ఇద్దరి మధ్యా బల్ల మీద ఉంది. కొట్టేశానని చెప్పాను. ఆవిడకు అర్థం కాలేదేమోనని, అనవసరం అనిపించి తీసేశానని మళ్లీ చెప్పాను. ఆవిడకు మొదటిసారే అర్థమైంది.

ఉద్యోగ విరమణ తర్వాత అమెరికాలోని నేపర్‌విల్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వచ్చాను. ఊరికే కూర్చోలేక ఇక్కడి చరిత్ర సంఘంలో వలంటీరుగా చేరాను. అక్కడి కుర్రవాళ్లకు ఇంగ్లిషు కలిపిరాత చదవడం రాదు. నాది నాలుగు గీతల కాపీ పుస్తకంలో దిద్దిన చేయి. అందుకని పాత ఉత్తరాలన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. ఆ సంగతి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకునేవాణ్ణి.

ఈ ఉత్తరాల పెట్టె ఆవిడ అన్నగారు టైపు చేసి తిరిగి ఇమ్మని ఇచ్చినది. 1860ల నాటి అమెరికా అంతర్యుద్ధానికి వెళ్లిన వాళ్ల పూర్వీకుడికి ఇంటి నుంచి భార్య రాసినవి. వెన్న చిలకడం, సబ్బు కాయడం, పంది మాంసాన్ని ఉప్పులో ఊరవేయడం, బావి గడ్డకట్టడం, పొరుగువాడు తీసుకెళ్లిన గొడ్డలి తిరిగి ఇవ్వకపోవడం. చదువుతుంటే ఆ వంటింటి పొగ తగిలేది. చివరికొచ్చేసరికి మాత్రం ఎప్పుడూ ఒకటే వరస: అత్తయ్య క్షేమం, పెద్దవాడు క్షేమం, ఫలానావాళ్లు క్షేమం.

మన ఉత్తరాల్లో 'ఉభయకుశలోపరి' అని ఉంటే దాన్ని ఎవరు చదువుతారు? కన్ను దాన్ని దాటి అసలు సంగతి మీద వాలుతుంది. ఇదీ అదే, వీళ్లు చివర పెట్టుకున్నారు అనుకున్నాను. పత్రికలో బతుకంతా వార్తలు దిద్దే డెస్కు మీదే గడిపినవాణ్ణి. మొదట కొట్టేసేది మర్యాద మాటలనే. కొట్టేసిన చోట చుక్కలు పెట్టే అలవాటూ లేదు. ఇక్కడా పెట్టలేదు.

ఆవిడ చెప్పిన కథ ఇది. ఆ దంపతుల చిన్నమ్మాయి, తండ్రి యుద్ధంలో ఉండగా ఒక చలికాలంలో పోయింది. సమాధి రాయి మీద తేదీ ఉంది. ఉత్తరాల్లో ఎక్కడా ఆ చావు ప్రస్తావన లేదు. భర్త తట్టుకోలేడని ఆమె దాచిందని, అతను ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి చిన్నది ఏదని అడిగాడని బంధువుల్లో సగంమంది అంటారు. ఆమె రాసిందని, ఆ ఒక్క ఉత్తరం తర్వాతెప్పుడో పోయిందని, కబురు తెలిసీ అతను సెలవడగలేదని మిగతా సగం. తేల్చగలిగినవి ఆ చలికాలం తర్వాతి ఉత్తరాల చివరి వాక్యాలే. క్షేమంగా ఉన్నవాళ్లలో ఆ పిల్ల పేరు ఉంటే తల్లి దాచినట్టు. లేకపోతే తండ్రికి తెలిసినట్టు. చిన్నప్పుడు అమ్మమ్మ అవి చదివి వినిపిస్తుంటే, పేర్ల దగ్గరికి రాగానే తాను ఆటకు పారిపోయేదాన్నని ఆవిడ చెప్పారు.

"పోనీ, మీకేమైనా గుర్తుందా?" అన్నారు.

ఏ జవాబైతే ఆవిడకు ఊరటగా ఉంటుందా అని ఒక్క క్షణం ఆలోచించాను. ఆ ఆలోచన వచ్చినందుకు ఇప్పటికీ తల దించుకుంటాను. గుర్తు లేదన్నాను. నిజానికి నేను వాటిని చదవనే లేదు. ఆ వరస మొదలవగానే నా చేయి తర్వాతి కాగితం తీసుకునేది. ఆవిడ కోప్పడలేదు. కాగితాలు సర్ది నా వైపు జరిపారు.

ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన మా అమ్మాయి కార్‌లో అంతా విన్నది.

"సంఘంవాళ్లు స్కాన్ చేద్దామన్నారు కదా నాన్నా, నువ్వే వద్దన్నావా?"

"ఉన్నదున్నట్టు టైప్ చేస్తున్నాగా, మళ్లీ అదెందుకన్నాను."

"ఉన్నదున్నట్టా?" అంది.

టైపు ప్రతి మొదటి పేజీలో, చివరి వాక్యాలు ఇందులో లేవని, తీసేసింది నేనేనని రాసి పెట్టాను. పెట్టెను నా పని అయిన వెంటనే తిరిగి ఇచ్చేశాం. తర్వాత ఆ అన్నగారు పోయారు. వేరే రాష్ట్రాల్లో ఉండే ఆయన పిల్లలు వచ్చి, ఆవిడకు తెలిసేలోగానే ఇంట్లో సామానంతా వాకిట్లో పెట్టి అమ్మేశారు. ఆవిడ నా దగ్గరికి వచ్చింది ఆ తర్వాతే. చుట్టుపక్కల పాత సామాన్ల దుకాణాలన్నిటిలో అడిగాం. ఆ పెట్టె ఎవరు కొన్నారో ఇంతవరకూ తెలియలేదు.