మెంతికూరకు కాపలా

నిన్న మంగళవారం ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు వేడి నూనెలో వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి, వాటి మీద మెంతికూర వేశాను. ఆ వాసనకు నా తొమ్మిదో ఏట జరిగింది గుర్తొచ్చి, గరిటె పట్టుకుని నవ్వుకున్నాను.

ఆ రోజు న్యాల్‌కల్ నుంచి మేనత్త జహీరాబాద్‌లోని మా ఇంటికి వచ్చింది. అమ్మ ఎనిమిది కట్టల మెంతికూర తుంచి పొయ్యి మీది గిన్నెలో కుప్పగా పోసింది. మూత కూడా సరిగా కూర్చోలేదు.

"జర చూస్తుండు బిడ్డా, నీళ్లు తెస్త" అని బిందె తీసుకుని పోయింది.

నేను రొట్టెల గుడ్డ కోసం లోపలికి వెళ్లి, కాసేపు వెతికి తెచ్చాను. మూత తీస్తే అడుగున రెండు పిడికిళ్ల కూరే ఉంది. పొయ్యి దగ్గర అత్త ఒక్కతే కూర్చుంది. కాపలా నాది, తిట్లూ నావే.

"అత్తా, కూరంత నువ్వే తిన్నవా?" ఏడుపు గొంతుతో అడిగాను.

"అవ్ బిడ్డా, ఆకలైంది. మీ అమ్మకు చెప్పకు."

అమ్మ రాగానే చెప్పేశాను. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

"పిచ్చిపిల్లా, ఆకు మగ్గితే గంతే అయితది!" అంది అమ్మ.

నేను నమ్మక అత్త నోరు తెరిపించి చూశాను. నాలుక పచ్చగా లేదు.

తినేటప్పుడు కూర చాలలేదని మూతి ముడిచాను. అత్త తన వంతు తీసి నా జొన్నరొట్టె మీద పెట్టింది.

"దొంగసొమ్ము తిరిగిచ్చిన, తీస్కో" అంది.

ఆ రోజు పోయినవి రెండే: ఆకులోని నీళ్లు, అత్త వంతు కూర. నీళ్లు ఆవిరైపోయాయి. కూర తిన్నది నేను.