సున్న మీటర్ల దూరం

ఇగో, చాయ్ పట్టుకొని జెర దగ్గరికి జరుగుండ్రి. మా కరెంటు ప్లాంటుల మొన్న నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త. నవ్వద్దు మరి!

నా డ్యూటీ మీకెరికే గదా. బంకర్ల బొగ్గు ఎంతవరకు నిండిందో చెప్పే గేజీలు చూసుకునుడు. దాంట్ల రేడియేషన్ ముక్క ఉంటది. మందపాటి సీసం డబ్బల పెట్టి తాళమేస్తరు. ఆడ పనిచేసేటోల్లం అంగి జేబుకు బ్యాడ్జి పెట్టుకోవాలె. రేడియేషన్ ఎంత తగిలిందో దాంట్ల ఎక్కుతది, మూడు నెల్లకోపారి ల్యాబుకు పోతది. పదేండ్ల సంది నా రిపోర్టు సున్ననే! పైంగ శనివారం సేఫ్టీ క్లాసు చెప్పేది గూడ నేనే. "మూడు ముచ్చట్లు యాదికుంచుకోండ్రి. తక్కువ సేపుండాలె, దూరంగుండాలె, నడుమ అడ్డముండాలె." చెప్పి చెప్పి నోరు అరిగింది.

గసొంటి నా పేరు ముంగట ఈసారి ఎర్ర గీత పడ్డది!

సేఫ్టీ సార్ ఉరికొచ్చిండు. "గేజీ లీకైందా ఏంది?" అని దాన్ని బంద్ పెట్టిపిచ్చిండు. రెండు దినాలు మీటరు పట్టుకొని చుట్టూ తిరిగిండ్రు. ఏం లేదు. అప్పటిదాంక మావోల్లు ఎండల బంకర్ మీదికెక్కి, టార్చి కొట్టి చూసి "సగముందీ!" అని ఒర్రుడు, దిగుకుంట నన్ను తిట్టుడు. సార్ మెల్లగ అన్నడు, "కారణం తేలకుంటె నీ బ్యాడ్జి గుంజుకుంటరు. వేరే సెక్షన్ల ఏస్తరు." నాకు వేరే పని ఏమొస్తది?

ఇంటికి పోయి బువ్వ ముంగట తల పట్టుకొని కూసున్న. నా భార్య సరోజ కూర ఏసుకుంట అడిగింది. "ఏమయ్యా, నేను పట్నంల థైరాయిడ్ మందు తాగిన దినం నీ జేబుకు ఉండె, గదేనా బ్యాడ్జి?"

ముద్ద నోట్లనే ఆగింది.

ఆ దినం నైట్ షిఫ్టు దిగి, అదే అంగితోని జల్ది జల్ది కారెక్కిన. బ్యాడ్జి ప్లాంటుల గోడ మొలకు తగిలేసి పోవాలె, మర్శిన. దవాఖానల సరోజకు రేడియో అయోడిన్, అంటె రేడియేషన్ ఉండే మందు, తాపిచ్చిండ్రు. డాక్టరమ్మ చెప్పింది, "ఎనిమిది రోజులకోసారి దాని బలం సగమైతుంది. వారం దాకా ఈమెకు దూరంగ ఉండండి." నేనేమో ఛాతి ఇరుసుకొని, "మేడం, గిది నేను పది మందికి పాఠం చెప్త" అన్న!

వచ్చేటప్పుడు సరోజను ఎనుక మూలకు కూసోవెట్టి, నేను ముంగట డ్రైవర్ కరీం భాయ్ పక్కన కూసున్న. పట్నం దాటినమో లేదో ఎనుకకెల్లి ముక్కు చీదుడు. తిరిగి చూస్తె కొంగు అడ్డం పెట్టుకొని ఏడుస్తుంది. "ఇగ నన్నెవ్వలు ముట్టరా?" అన్నది.

నా పానం ఆగలే. "కరీం భాయ్, ఆపు!" అన్న. ఎనుకకు పోయి కూసున్న. నా భుజం మీద తల పెట్టి పండుకున్నది. మందంతా చేరిన మెడ సరిగ్గ బ్యాడ్జి కాడ! మా ఊరు ఖని వచ్చేదాంక నేను కదల్లే.

తెల్లారి సార్ ముంగట అంతా ఒప్పుకున్న. సార్ ఫారం తీసిండు.

"ఎంత సేపు కూసున్నవ్?"

"నాలుగు గంటలు సార్."

"దూరం?"

"...సున్న సార్."

"నడుమ అడ్డం?"

"నా అంగి సార్."

సార్ నవ్వు ఆపుకుంట కండ్లద్దాలు తుడుసుకున్నడు. "నీకైతె ఏం కాదు, ఫికర్ చెయ్యకు. బ్యాడ్జి నీకే ఉంటది. కని నువ్వు సేఫ్టీ క్లాసు మల్ల వినాలె" అని సంతకం పెట్టిండు. ఆ క్లాసు చెప్పేది నేనే గదనయ్యా!

సరోజకు చెప్తె పడి పడి నవ్వింది. "ఇరవై ఏండ్ల సంది సినిమాకు పోదాం, పక్కన కూసో అంటె డ్యూటీ అంటివి. డాక్టరమ్మ వద్దన్న దినమే దొర్కిందా నీకు టైము?" అన్నది. ఇప్పుడు ఆమె మంచిగున్నది. అదే చాలు నాకు.

శనివారం హాజరు పట్టీల నా పేరు నేనే రాసుకొని, నాకు నేనే పాఠం మొదలువెట్టిన. "దూరంగుండాలె" అన్ననో లేదో, ఫిట్టర్ రాజమల్లు కాక చెయ్యి లేపిండు.

"బిడ్డా, పెండ్లాం ఏడుస్తుంటె ఎన్ని మీటర్లు?"

క్లాసంతా గొల్లుమన్నది.

"కూసో కాకా," అన్న, "గది సిలబస్ల లేదు!"