ధూమ్రదంతుడు చావనన్న రోజు

ఆ రోజుల్లో నన్ను చూసి నేనే ముచ్చటపడేవాణ్ణి. అమెరికాలో క్యారీ అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సెకండ్ హ్యాండ్ కారు, అద్దంలో ఒక కోణంలో చూసుకుంటే హీరో పోలికలు (ఆ కోణం నాకు తప్ప ఇంకెవరికీ దొరకలేదు). కాబట్టి మా తెలుగు సంఘం వాళ్ళు ఉగాదికి ఒక పాత జానపద సినిమాని నాటకంగా వేద్దామనగానే, రాకుమారుడి వేషం నాదేననుకున్నాను. ఉగాది అంటే ఉగాది రోజున కాదు. స్కూల్ ఆడిటోరియం ఎప్పుడు దొరికితే అప్పుడే మాకు ఉగాది. ఆ ఏడాది అది వైశాఖంలో వచ్చింది.

ఆ సినిమా సంగతి కాస్త చెప్పాలి. మేము పుట్టకముందు విడుదలై, వారం తిరక్కుండానే డబ్బాలు వెనక్కి వెళ్ళిపోయిన సినిమా అది. తరవాత ఆదివారం మధ్యాహ్నాలు టీవీలో వేసి వేసి, మా తరం పిల్లలందరికీ అన్నం తినిపించింది. అందులో రాకుమారుడి పేరు ఎవరికీ గుర్తుండదు. అందరికీ గుర్తున్నది మాంత్రికుడు ధూమ్రదంతుడు, అతని ఎగిరే నులకమంచం, మాటమాటకీ అతనికి ఎదురుచెప్పే గుడ్లగూబ, అన్నిటికీ మించి చచ్చిపోయే ముందు అతను పాడే పాట. ఎగరడం నేర్చుకున్నాను గాని ఎవరి కోసం దిగాలో తెలియలేదని ఆ దుర్మార్గుడు పాడుతుంటే, అంతవరకూ అతన్ని తిట్టిపోసిన మా అమ్మమ్మ కళ్ళొత్తుకునేది. సంగీత దర్శకుడికి హీరో మీద ఏం కోపమో గాని, మంచి బాణీ తీసుకెళ్ళి విలన్‌కి ఇచ్చేశాడు.

మా నాటకంలో రాకుమారి ఒక ఫార్మా కంపెనీలో పనిచేసే అమ్మాయి. ఆఖరి రంగంలో రాకుమారుడు ఆమె మెడలో దండ వేస్తాడు. నేను నాటకంలో చేరిందే ఆ దండ కోసం. ఆమెతో రెండు మాటలు మాట్లాడే ధైర్యం లేనివాడికి అంతకంటే దగ్గర దారి లేదు. కానీ వేషాలు పంచే సెక్రటరీ గారు నన్ను ఎగాదిగా చూసి, "మాంత్రికుడిది బట్టతలే కదా తమ్ముడూ. నీకైతే విగ్గు కూడా అక్కర్లేదు" అన్నారు. రాకుమారుడి వేషం వరంగల్ నుంచి వచ్చిన నా రూమ్మేట్‌కి పోయింది. వాడికి జుట్టుంది. వేరే అర్హతేదీ నాకు కనిపించలేదు. "నాకు యాక్టింగ్ రాదంటున్న గద మామా, నువ్వే చెయ్యరాదు" అని వాడు పాపం నాతో అన్నాడు కూడా. సెక్రటరీ గారు వినలేదు.

నాటకం రోజున ముందు వరసంతా పిల్లల దగ్గరికి వచ్చిన రిటైర్డ్ తండ్రులే. స్వెటర్లు, మంకీ క్యాపులు, తెల్లటి స్పోర్ట్స్ షూలు. నెలల తరబడి ఇళ్ళల్లో కూర్చుని నాటకానికి మొహం వాచి ఉన్నారు. నేను రాకుమారుడి కత్తిపోటు తిని, పాట పాడి, నేల మీద పడి చచ్చిపోయాను. వెంటనే ముందు వరసలోంచి "వన్స్ మోర్" అని వినబడింది. మన పద్యనాటకాల ఆనవాయితీ తెలిసిందే. వన్స్ మోర్ అంటే చచ్చినవాడు లేచి, మళ్ళీ పాడి, మళ్ళీ చావాల్సిందే. లేచాను, పాడాను, చచ్చాను. మళ్ళీ వన్స్ మోర్. ఈసారి శవంగా ఉండి ఒక కన్ను తెరిచి చూస్తే, రాకుమారి నావైపే కళ్ళార్పకుండా చూస్తోంది (నా వెనక గోడ మీద గడియారం ఉందన్న సంగతి తరవాత తెలిసింది). ఇక నన్నెవరాపుతారు? ఒక పెద్దాయన "బాబూ, ఆ చరణం కాస్త సాగదీసి పాడు" అన్నారు. సాగదీశాను. కత్తి పట్టుకుని చేతులు లాగేస్తున్న రూమ్మేట్, "సచ్చిపో మామా, టైం అయితాంది" అని గొణిగాడు. "పెద్దవాళ్ళు అడుగుతున్నారు కదరా" అన్నాను పడుకునే. నేను చచ్చేదాకా దండ సీన్ రాదు. ఆ దండ వాడి చేత్తో పడకపోతే నాకదే పదివేలు.

ఐదింటికి హాలు ఖాళీ చెయ్యాలి. ఐదవగానే స్కూల్ వాళ్ళు లైట్లు ఆర్పేశారు, దండలు పళ్ళెంలో ఉండగానే తెర పడింది. పార్కింగ్ లాట్‌లో పెద్దాయనలంతా నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. ఆ ఊపులో రాకుమారి కోసం వెతుకుతూ వెళితే, ఆమె నా కారు పక్కన మా రూమ్మేట్‌తో, "అన్ని వీకెండ్స్ ప్రాక్టీస్ చేశాం కదండీ. అసలు సీనే లేకుండా పోయింది" అంటోంది. కళ్ళలో నీళ్ళు. వాడు, "బాధపడకుండ్రి. దండలైతే ఉన్నయ్ గద" అన్నాడు. ఆమె నవ్వేసింది. వాడికి కారు లేదు, ఆమె కారు రిపేరు షాపులో ఉంది. ఇద్దర్నీ దింపింది నేనే. వెనక సీట్లో దండలతో వాళ్ళు, ముందు సీట్లో స్టీరింగ్ పట్టుకుని ధూమ్రదంతుడి మీసాలతో నేను. దారి పొడుగునా వాళ్ళు ఆ దండ సీన్ డైలాగులు చెప్పుకుంటూనే ఉన్నారు. మరుసటి ఏడాది పెళ్ళి చేసుకున్నారు.

మొన్నామధ్య వాళ్ళమ్మాయి బర్త్‌డేకి వెళ్ళాను. ఆ పిల్ల ఫోన్‌లో ఆ సినిమా ముక్కలు చూసి చూసి, "మాంత్రికుడు అంకుల్, ఒక్కసారి డై చెయ్యి, ప్లీజ్" అంది. కార్పెట్ మీద పడి, మోకాళ్ళు కలుక్కుమంటున్నా పాటంతా పాడి చచ్చిపోయాను. పిల్లలు చప్పట్లు కొట్టి కేకు దగ్గరికి పరిగెత్తారు. వాళ్ళమ్మ నన్ను లేపడానికి చెయ్యందించి, "అన్నయ్యగారూ, ఆ రోజు మీరు టైంకి చచ్చిపోయుంటే మా పెళ్ళి అయ్యేదే కాదు తెలుసా. స్టేజీ మీద దండ వేసేసి, ఎవరింటికి వాళ్ళం పోయేవాళ్ళం" అంది.

లేచి బట్టలు దులుపుకుంటుంటే, ఆ బట్టతల కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. గొంతు చించుకుని ఎంత బాగా పాడాడో. పాపం, ఎవరి పెళ్ళికి పాడుతున్నాడో వాడికి తెలియదు.