బాలమ్మ వేలు ఆగిన చోటు

ఫోను టింగుమంది. నాగర్‌కర్నూల్ బస్టాండులో మధ్యాహ్నం పూట, కాలిపోతున్న సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నాను. ఆ చప్పుడు మా సాఫ్ట్‌వేర్‌ది. మేము దాంట్లో పంపిన కాగితాలను అవతలివాళ్లు ఫోనులో తెరవగానే ఇలా కబురు చెబుతుంది. ఏ పేజీలో ఎంతసేపు ఉన్నారో కూడా చూపిస్తుంది. ఇది వింటే మా అమ్మకాల వాళ్లందరికీ సంబరం. నాకు మాత్రం ఇన్నేళ్లయినా తల దించుకోవాలనిపిస్తుంది. జలీల్ సార్ గుర్తొస్తారు.

సార్‌ది గద్వాల. వనపర్తిలో మా సేటు కంపెనీ మామిడికాయలు మాగబెట్టే చల్లగదులు తయారుచేసి అమ్ముతుంది. ఆ అమ్మకాలకు ఆయన పెద్ద. ఇంజనీరింగ్ చదివిన ఆడపిల్లనన్న పొగరుతో చేరిన నన్ను మొదటి వారమే కొల్లాపూర్ తీసుకుపోయారు. అక్కడ బాలమ్మ అని, తోటలు గుత్తకు పట్టి కాయ అమ్మే ఆమె. సార్ ఆమె చేతిలో గది ధర, షరతులు రాసిన ప్రపోజల్ కాగితాలు పెట్టి నోరు మూసుకుని కూర్చున్నారు. ఆమె అక్షరాల కింద వేలు పెట్టి నెమ్మదిగా చదువుతోంది. ఒకచోట వేలు ఆగింది. సార్ తన దగ్గరున్న నకలు మీద సరిగ్గా అక్కడే పెన్సిలుతో చుక్క పెట్టారు. నేను వివరించబోతే చెయ్యెత్తి ఆపారు. తిరుగు దారిలో అన్నారు, "చదివెటోళ్ల వేలు యాడ ఆగుతదో ఆడ మనం సక్కగ రాయలేదన్నట్టు బిడ్డా. ఆమెకు తెల్వదని కాదు." మర్నాడు ఆ పేజీ మొత్తం నాతో తిరగరాయించారు. ఒక్క చుక్క కోసం ఇంత చాకిరీయా అని లోపల గొణుక్కున్నాను.

ప్రపోజళ్లు ఇకమీదట వెబ్‌లో పంపాలని సేటు అన్నప్పుడు సార్ ముసలాయన కదా, అడ్డుపడతారనుకున్నాను. అందరికన్నా ముందు ఆయనే సరే అన్నారు. కొనేవాళ్లే ఫోనులో గది సైజు మార్చుకోవచ్చు, తలుపులు పెంచుకోవచ్చు, వెంటనే ధర మారి కనిపిస్తుంది అంటే తెగ మురిసిపోయారు. మూడు సాఫ్ట్‌వేర్లు మా ముందుకొచ్చాయి. ఎంచే పని నాకప్పగించారు.

"ఒక్కొక్కటి ముగ్గురికి పంపు. పోయి వాళ్ల పక్కన కూసో. నువ్వేం మాట్లాడకు, వేలు యాడ ఆగుతదో చూడు. బాలమ్మ కాడికి తప్పక పో" అన్నారు సార్.

నేను పోలేదు. ఎండలని చెప్పుకోవచ్చు కానీ అది అబద్ధం. నాకప్పటికే ఒకటి నచ్చేసింది. గది బొమ్మ గుండ్రంగా తిరిగేది అందులో. కాయలమ్ముకునేవాళ్లను అడిగి సాఫ్ట్‌వేర్ ఎంచడమేమిటన్న చిన్నచూపు కూడా ఉంది. ఆఫీసులో ఏసీ కింద కూర్చుని తొమ్మిదిమంది అభిప్రాయాలు నేనే అల్లాను. బాలమ్మ పేరు పక్కన "చాలా సులువుగా ఉంది" అని రాశాను.

మీటింగులో సేటు మెచ్చుకున్నారు. జలీల్ సార్ మాత్రం అడిగారు, "బాలమ్మ ఏమన్నది బిడ్డా?"

"సులువుగా ఉందన్నది సార్."

"యాడా ఆగలేదా?"

"ఎక్కడా ఆగలేదు సార్."

ఆయన నా ముఖంలోకి కాసేపు చూసి, నా నివేదిక కింద సంతకం పెట్టారు.

ఆ సీజన్‌కు బాలమ్మ ఒక గది అడిగింది. కొత్త సాఫ్ట్‌వేర్‌లోనే ప్రపోజల్ పంపాను. టింగుమంది. ఒప్పుకున్నానని నొక్కింది కూడా. నేను ఎగిరి గంతేశాను. గది వచ్చింది, కాయ వచ్చింది, కరెంటు రాలేదు. గదికి కావలసిన పెద్ద కరెంటు కనెక్షన్‌ను కొనేవాళ్లే ముందుగా పెట్టించుకోవాలన్న షరతు, నేను మెచ్చిన ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న గీత కింద దాగి ఉంటుంది. ఆ గీతను నొక్కితేనే తెరుచుకుంటుంది. సారూ నేనూ కొల్లాపూర్ పరిగెత్తాం. గది ముందు ట్రేలలో కాయ మెత్తబడి ఈగలు ముసురుతున్నాయి. బాలమ్మ తిట్టలేదు. ఫోను తీసి సార్ ముందు పెట్టింది.

"జర చూడు సారూ, కరెంటు ముచ్చట గిండ్ల యాడుంది? నాకు కనవడనే లేదు."

ఆమె వేలు తెర మీద జారుతూ వచ్చి సరిగ్గా ఆ గీత దగ్గర ఆగి, దాటిపోయింది.

"తప్పు నాదమ్మా. నేనే సక్కగ చూస్కోలె" అన్నారు సార్. పక్కనే నిలబడి ఉన్నాను.

జీపులో చాలా దూరం వచ్చాక ఆయనే అన్నారు, "మీటింగ్‌కు ముందే బాలమ్మకు ఫోన్ చేసిన బిడ్డా. నువ్వు రాలేదన్నది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు సార్?"

"నీ నోట్లకెల్లి వస్తదేమో అని చూసిన." మళ్లీ ఆయనే అన్నారు, "సంతకం పెట్టుడు నా తప్పే. నిన్ను సూసుకుంట ఆమెను మర్సిన."

సేటు ముందు కూడా తప్పంతా ఆయనే నెత్తిన వేసుకున్నారు. సేటు నలుగురిలో నానా మాటలన్నారు. ఉద్యోగం పోతుందన్న భయంతో నేను పక్క కుర్చీలో బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. ఆ ఏడే సార్ పని మానేసి గద్వాల వెళ్లిపోయారు. ఆయన కుర్చీ నాకిచ్చారు, నేను కూర్చున్నాను కూడా. చెబుదాం, చెబుదాం అని ఏళ్లు నెట్టాను. పోయినేడు ఆయన చనిపోయారు. ఇంటికి వెళ్తే ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని, "నీ ముచ్చటే చెప్తుండె బిడ్డా, మంచిగ పని నేర్సిందని" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడా సాఫ్ట్‌వేర్ మార్చాలి. కొత్తది ఎంచమని సేటు మళ్లీ నాకే చెప్పారు. ఈసారి పోయాను. వడ్డేపల్లి, కల్వకుర్తి తిరిగాను. అందరి పక్కనా నోరు మూసుకుని కూర్చుని, పెన్సిలుతో చుక్కలు పెట్టుకున్నాను. చివరికి కొల్లాపూర్‌లో బాలమ్మ దగ్గర చుక్కలన్నీ పెట్టుకున్నాక జరిగిందంతా చెప్పేశాను. ఆమె ఫోను పక్కన పెట్టింది.

"సారు బతికున్నప్పుడు చెప్పకపోతివి" అంది.

ఇవాళ పొద్దున ఆ పాత సాఫ్ట్‌వేర్‌లోనే సేటుకు నివేదిక పంపాను. పది పేజీలు. మొదటి పేజీలో సాఫ్ట్‌వేర్ ఊసే లేదు. వెనకటి తొమ్మిది అభిప్రాయాలు నేను అల్లినవని, బాలమ్మ కాయ పాడైంది నా వల్లనని, జలీల్ సార్ పడ్డ మాటలు నేను పడాల్సినవని రాశాను. ఇందాకటి టింగు దానిదే.

వనపర్తి బస్సు వచ్చింది, పోయింది. ఎక్కలేదు. ఫోను చూశాను. సేటు ఇంకా మొదటి పేజీలోనే ఆగి ఉన్నారు.